బండిలోనే కాపురమైతే బ్యాంకు పనులు ఎలా చూసుకోవాలి?

ముందు మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు చెప్తాను. మీరిద్దరూ అద్దె ఇల్లు ఖాళీ చేసి, వ్యాన్‌నే ఇల్లుగా మార్చుకుని, దేశాలు దాటుతూ కనీసం రెండు మూడేళ్లు రోడ్డు మీదే ఉండాలనుకుంటున్నారు. ఆదాయం ఆన్‌లైన్ పని మీద వస్తుంది. ఉన్నది ఒకటే ఖాతా, అది జాయింట్ ఖాతా, ఇద్దరికీ కలిపి ఒకే ఫోన్ నంబరు ఇచ్చారు. "మొబైల్ యాప్ ఉంటే సరిపోతుంది కదా?" అని అడిగారు.

సరిపోదండీ. మేం తొమ్మిదేళ్లుగా చక్రాల మీదే బతుకుతున్నాం. డబ్బు లేక ఇబ్బందిపడ్డ రోజులు మాకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఖాతాలో డబ్బు ఉండి కూడా చేతికి రాక రోడ్డు పక్కన కూర్చున్న రోజులే ఎక్కువ.

బ్యాంకు కంప్యూటరు మిమ్మల్ని మూడు ఆనవాళ్లతో గుర్తుపడుతుంది: చిరునామా, ఫోన్ నంబరు, ఖర్చు పెట్టే తీరు. ఇంట్లో ఉన్నంతకాలం ఆ మూడూ కదలవు కాబట్టి దాని జోలికి మనం, మన జోలికి అది రాము. బండెక్కామంటే మూడూ ఒకేసారి కదులుతాయి. అక్కడి నుంచి దానికి అనుమానం, మనకు టెన్షన్. కాబట్టి మీరు ఎంత తిరిగినా చిరునామాను, నంబరును మాత్రం మేకు కొట్టినట్టు ఒకచోట ఉంచాలి. ఖర్చు తీరును ఆపలేం కనుక దానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి.

ఫోన్ నంబరుతో మొదలుపెడతాను. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. కొత్త దేశంలో దిగగానే అక్కడి సిమ్ కొంటాం, పాతది పర్సులో పడేస్తాం. కొన్ని నెలల తర్వాత ఓటీపీ కోసం పాత సిమ్ వేస్తే సిగ్నల్ గీతలే రావు. వాడకుండా, రీఛార్జ్ చేయకుండా వదిలేసిన నంబరును టెలికాం కంపెనీలు కొంత గడువు తర్వాత రద్దు చేస్తాయి. ఇంకొన్నాళ్లకు దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. అంటే మీ ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌లో మోగుతుంటాయి. పోనీ బ్యాంకులో నంబరు మార్చుకుందామంటే, ఆ మార్పు కోసం మళ్లీ పాత నంబరుకే ఓటీపీ పంపుతారు. కాదంటే బ్రాంచికి రమ్మంటారు. మీరేమో రెండు సరిహద్దుల అవతల ఉంటారు.

బయల్దేరేముందు మీ టెలికాం కంపెనీని మూడు విషయాలు అడగండి. నంబరు బతికుండాలంటే ఎన్నాళ్లకోసారి రీఛార్జ్ చేయాలి? రోమింగ్‌లో ఎస్ఎంఎస్ అందుకోవడానికి ఛార్జీ ఉందా? వైఫై కాలింగ్ ఉందా, విదేశంలో కూడా పనిచేస్తుందా? చాలా ప్లాన్లలో మెసేజ్ అందుకోవడం ఉచితమే, లేదా నామమాత్రం. బిల్లు వాచిపోయేది డేటా వాడితేనే. కాబట్టి రోమింగ్ ఆన్ చేసి, ఆ సిమ్‌కు డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. వైఫై కాలింగ్ గనక ఉంటే, టవర్ లేని లోయలో కూడా క్యాంపు వైఫై మీద మెసేజ్ వచ్చే వీలుంటుంది. అన్ని కంపెనీలూ ఇవ్వవు, ఇచ్చినవాళ్లలో కొందరు విదేశంలో ఆపేస్తారు. ఊరు దాటకముందే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసి, ఒక ఓటీపీ తెప్పించుకుని చూడండి. ఇంటర్నెట్ మీద నడిచే నంబర్లు చవకగా దొరుకుతాయని కొందరు వాటిని బ్యాంకుకు ఇస్తుంటారు. చాలా బ్యాంకులు వాటిని గుర్తుపట్టి తిరస్కరిస్తాయి. ఇంకా దారుణం ఏమిటంటే, ఈరోజు పనిచేసి రేపు ఆగిపోవడం.

ఇక సిమ్ రకం గురించి. నాలుగో ఏడాది అనుకుంటా, ఒక చెరువు ఒడ్డున బండి ఆపి బకెట్‌తో నీళ్లు తోడుతుంటే చొక్కా జేబులోంచి ఫోన్ జారి నీళ్లలో పడింది. తీసేసరికే దాని పని అయిపోయింది. పాత ఫోన్ ఉందిలే అని ధీమాగా ఉన్నాను. పాత ఫోన్ ఉంది గానీ, నా బ్యాంకు నంబరు ఇ-సిమ్ రూపంలో, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోకే దించుకునే సిమ్‌గా, చచ్చిన ఫోన్ లోపల ఉంది. దాన్ని మళ్లీ దించుకోవాలంటే టెలికాం కంపెనీ నేను నేనేనని రుజువు అడిగింది. ఆ రుజువు కోసం కోడ్ పంపేది అదే నంబరుకు! బయటపడటానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ మా ఆవిడ ఖాతా మీద బతికాం. ఆవిడది మామూలు సిమ్. ఆ ఫోన్ పడి ఉంటే చెవిపోగు మొనతో ట్రే లాగి, సిమ్ తుడిచి, పాత ఫోన్‌లో వేసుకునేవాళ్లం. రెండు నిమిషాల పని.

అందుకే బ్యాంకు నంబరు ప్లాస్టిక్ సిమ్‌లో ఉండాలి, ఏ దేశానికి ఆ దేశం డేటా ఇ-సిమ్‌లో కొనుక్కోవాలి అంటాను. చాలామంది ఇందుకు తిరగేసి చెప్తారు, వాళ్ల వాదనలోనూ పస ఉంది. ఫోన్ దొంగిలించినవాడు ప్లాస్టిక్ సిమ్‌ను పీకి తన ఫోన్‌లో వేసుకోగలడు, ఇ-సిమ్‌ను అలా పీకలేడు. దానికి మందు సిమ్ పిన్. ఫోన్ సెట్టింగుల్లోనే ఉంటుంది. అది పెడితే సిమ్ ఏ ఫోన్‌లో వేసినా ముందు పిన్ అడుగుతుంది. వరసగా మూడుసార్లు తప్పు కొడితే లాక్ అయిపోయి, ఆ తాళం తీసే పీయూకే కోడ్ కావాలంటుంది. ఆ కోడ్ పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా పోయినట్టే. పీయూకే సాధారణంగా సిమ్ వచ్చిన అట్టముక్క మీద ఉంటుంది. ఆ అట్టముక్కను పారేయకండి, నేనొకసారి పారేశాను.

ఒకే నంబరు ఇద్దరికీ ఇచ్చామన్నారు, దాన్ని ఈ వారమే మార్చండి. జాయింట్ ఖాతా అయినా ఎవరి లాగిన్ వాళ్లది, ఎవరి నంబరు వాళ్లది, ఎవరి కార్డు వాళ్లదిగా ఉండాలి. ఒకరి ఫోన్ పోతే రెండోవాళ్లది దారి చూపాలి.

అసలు ఎస్ఎంఎస్ మీద పూర్తిగా ఆధారపడటమే మంచిది కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లోనే తన మార్గదర్శకాల్లో ఫోన్ నెట్‌వర్క్ మీద పంపే కోడ్‌లను పరిమితంగా వాడాల్సిన కోవలో పెట్టింది. మోసగాడు టెలికాం కంపెనీని నమ్మించి మీ నంబరును తన సిమ్‌లోకి మార్పించుకునే సిమ్ మార్పిడి మోసాలు అందరికీ తెలిసినవే. మీ బ్యాంకు అథెంటికేటర్ యాప్‌ను గానీ, పాస్‌కీని (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్ తీసినట్టే లాగిన్ అయ్యే పద్ధతి) గానీ, చేతిలో ఇమిడే కోడ్ యంత్రాన్ని గానీ ఒప్పుకుంటే వెంటనే దానికి మారండి. అథెంటికేటర్ కోడ్‌కు సిగ్నల్ అక్కర్లేదు. మీ ఫోన్‌లో దాచిన ఒక రహస్య సంఖ్యను, గడియారంలోని సమయాన్ని కలిపి మామూలుగా 30 సెకన్లకొక కొత్త కోడ్ తయారవుతుంది. అవతల బ్యాంకు సర్వర్ కూడా అదే లెక్క వేసుకుంటుంది. రెండూ కలిస్తే తలుపు తెరుస్తుంది. అందుకే సరిహద్దు దాటినప్పుడు ఫోన్ గడియారాన్ని చేత్తో తిప్పకండి, టైమ్ జోన్ ఆటోమేటిక్‌లో ఉండనివ్వండి. సమయం తేడా వస్తే కోడ్ తప్పు అంటుంది, మనమేమో పాస్‌వర్డ్ మర్చిపోయామనుకుని ఖాతా లాక్ అయ్యేదాకా కొడుతూనే ఉంటాం. యాప్ పెట్టేటప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి పెట్టుకోండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాచుకుంటే, ఇనప్పెట్టె తాళంచెవిని ఇనప్పెట్టెలోనే పెట్టినట్టు.

ఇప్పుడు ఖర్చు తీరు. దొంగిలించిన కార్డు పనిచేస్తుందో లేదో చూడటానికి దొంగలు ఎక్కువగా మనుషులు లేని పెట్రోలు పంపుకు వెళ్తారు. అక్కడ మొహం చూసేవాడు ఉండడు. కొద్దిగా పోయించి, కార్డు పాసయితే ఆ వెంటనే పెద్ద కొనుగోలు చేస్తారు. మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్లు ఈ వరుసను బాగా నేర్చుకున్నాయి. ఇప్పుడు మన దినచర్య చూడండి: ప్రతిరోజూ కొత్త ఊరు, పొద్దున్నే మనుషులు లేని పంపులో డీజిల్, మధ్యాహ్నం ఇంకో దేశంలో ఇంకో పంపు, సాయంత్రం మెకానిక్ దగ్గర పెద్ద బిల్లు. దొంగ ఎలా తిరుగుతాడో అచ్చం అలాగే తిరుగుతున్నాం. కార్డు ఆపినందుకు బ్యాంకును ఎంత తిట్టుకున్నా, దాని వైపు నుంచి చూస్తే అది చేసింది తప్పు కాదు.

మాకు క్లచ్ పోయినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ముందురోజు రెండు దేశాల్లో రెండుసార్లు డీజిల్ పోయించాం. మెకానిక్ పని ముగించి, చేతులు తుడుచుకుంటూ మెషీన్ నా ముందు పెట్టాడు. కార్డు పెడితే డిక్లైన్డ్. మళ్లీ పెట్టాను, డిక్లైన్డ్. ఆ రెండో ప్రయత్నం చేయకుండా ఉండాల్సింది, ఎందుకంటే వరస ప్రయత్నాలు అనుమానాన్ని ఇంకా పెంచుతాయి. ఆ షెడ్డులో సిగ్నల్ లేదు. "ఈ లావాదేవీ మీదేనా? అవునో కాదో చెప్పండి" అని బ్యాంకు పంపిన మెసేజ్ నాకు అందింది సాయంత్రం కొండెక్కాక. కార్డు వెనక ఉన్న హెల్ప్‌లైన్ టోల్‌ఫ్రీ నంబరు, అది ఆ దేశం నుంచి కలవదు. ఆ బిల్లు మా ఆవిడ వేరే బ్యాంకు కార్డుతో కట్టింది, లేకపోతే మా ఇల్లు ఆ రాత్రి మెకానిక్ షెడ్డులోనే.

ఆ రోజు నుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. డీజిల్‌కు ఒక కార్డు, అది ఇంక దేనికీ వాడం. రిపేర్లకు, క్యాంపు అద్దెలకు, పెద్ద కొనుగోళ్లకు వేరే బ్యాంకు కార్డు. పంపు వల్ల ఒకటి ఆగినా రెండోది శుభ్రంగా ఉంటుంది. పెద్ద బిల్లు వస్తుందని ముందే తెలిస్తే, సిగ్నల్ ఉన్నచోట ఫోన్ చేతిలో పెట్టుకునే కార్డు గీస్తాం. మన ప్రయాణం గురించి ముందే చెప్పుకునే వెసులుబాటు కొన్ని బ్యాంకుల యాప్‌లలో ఉంటుంది, ఉంటే వాడండి. కొన్ని బ్యాంకులు "అక్కర్లేదు, మాకు తెలిసిపోతుంది" అని ఆ సదుపాయమే తీసేశాయి. తెలిసేది మాత్రం సగం సార్లే. చాలా బ్యాంకుల హెల్ప్‌లైన్‌లకు విదేశాల నుంచి కలిసే, ప్లస్ గుర్తుతో మొదలయ్యే నంబరు ఒకటి ఉంటుంది. అది, కార్డు చివరి నాలుగంకెలు, వాళ్ల పనివేళలు మన టైమ్ ప్రకారం ఎప్పుడు అవుతాయో, ఇవన్నీ ఒక చిన్న నోటుబుక్‌లో రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాం. పూర్తి కార్డు నంబరు, పిన్ మాత్రం అందులో ఉండవు.

పంపుల గురించి ఇంకో మాట. మనుషులు లేని పంపులో కార్డు పెట్టగానే, ఎంత పోస్తామో దానికి ముందే తెలియదు కాబట్టి ఒక గుండుగుత్త మొత్తాన్ని ఆపి ఉంచుతుంది. అసలు బిల్లు పడ్డాక మిగతాది వదిలేయాలి. ఒక్కోసారి గంటల్లో వదులుతుంది, ఒక్కోసారి రోజులు పడుతుంది. హోటళ్లు, అద్దె బండ్లవాళ్లు, కొన్ని క్యాంపులు కూడా ఇంతే. డెబిట్ కార్డయితే ఆగేది మీ సొంత డబ్బు. ఖాతాలో తక్కువ ఉన్న వారంలో మూడు పంపుల దగ్గర ఇలా ఆగితే ఆటో డెబిట్ బౌన్స్ అవుతుంది. క్రెడిట్ కార్డయితే ఆగేది లిమిట్ మాత్రమే. అందుకని పంపుకు క్రెడిట్ కార్డే మంచిది. క్రెడిట్ కార్డు లేదంటారా, లోపల మనిషి ఉన్న పంపు చూసుకుని, పోయించాక కౌంటర్లో కట్టండి.

కార్డు పిన్ విషయం చిన్నదే గానీ ఒకసారి నన్ను ఏడిపించింది. ప్రమాణాల ప్రకారం పిన్ నాలుగు నుంచి పన్నెండు అంకెల దాకా ఉండొచ్చు. కానీ ఆరంకెల పిన్‌ను ఒప్పుకోని యంత్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1967 జూన్ 27న లండన్ శివార్లలోని ఎన్‌ఫీల్డ్‌లో పెట్టిన నగదు యంత్రం వెనకున్న జాన్ షెపర్డ్-బారన్ మొదట ఆరంకెలే అనుకున్నాడట. నాలుగైతేనే గుర్తుంటాయని భార్య అనడంతో నాలుగుకు దించానని ఆయనే చెప్పుకున్నాడు. మీ బ్యాంకు అనుమతిస్తే నాలుగంకెలే పెట్టుకోండి. అంకెల్ని అంకెలుగానే గుర్తుపెట్టుకోండి, మీటల మీది అక్షరాలతో ఏదో మాటగా కాదు. కొన్ని దేశాల మీటల మీద అక్షరాలుండవు.

విదేశంలో మెషీన్ "మీ దేశపు కరెన్సీలో కట్టాలా, ఇక్కడి కరెన్సీలో కట్టాలా?" అని అడిగితే ఎప్పుడూ ఇక్కడి కరెన్సీయే నొక్కండి. మన కరెన్సీ చూపించడం మర్యాదలా కనిపిస్తుంది, కానీ ఆ మార్పిడి రేటు ఆ దుకాణం తరఫు సంస్థ వేసింది, అందులో వాళ్ల వాటా కలిసే ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2019లో నిబంధన తెచ్చి, ఆ అదనపు భారం ఎంతో ముందే చూపించాలంది. చూపించినా ఎవరు చదువుతారు? ఏటీఎంలో ఇంకా జాగ్రత్త. "మార్పిడిని తిరస్కరించు" అని నొక్కితే లావాదేవీయే రద్దవుతుందేమో అని భయపెట్టేలా తెర మీద రాస్తారు. అవదు. నొక్కండి, డబ్బు వస్తుంది.

చిరునామా సంగతికొస్తే, ఇల్లు ఖాళీ చేయగానే మీకు చిరునామా లేకుండా పోతుంది. అది లేకుండా కేవైసీ జరగదు. పోస్ట్ బాక్స్ నంబరును నివాసంగా బ్యాంకులు సాధారణంగా ఒప్పుకోవు. క్యాంపు రసీదును చూసి నవ్వుతారు. ఎక్కువమంది అన్నదమ్ములదో, అక్కచెల్లెళ్లదో, పిల్లలదో ఇంటి చిరునామా ఇస్తారు. మేమూ అంతే. ఇచ్చేముందు వాళ్లతో మొహమాటం లేకుండా మాట్లాడండి. మీ పేరు మీద వచ్చే కవరు ఏ రోజు ఏది వచ్చినా విప్పి, ఫొటో తీసి పంపాలి. కార్డు వస్తే విప్పకుండా దాచాలి. చిరునామా అనేది ఉత్తరాలకు మాత్రమే సంబంధించింది కాదు, బండి బీమా, పన్ను, ఓటు అన్నీ దానికి ముడిపడి ఉంటాయి. ఒక్కోచోట ఒక్కో చిరునామా ఇచ్చుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట పేచీ వస్తుంది. పూర్తికాలం ప్రయాణం చేసేవాళ్లకు చట్టబద్ధంగా చిరునామా ఇచ్చే సంస్థలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. అయితే అవి ఇచ్చింది మీ బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో డబ్బు కట్టకముందే అడగండి.

దానితోపాటే పన్ను నివాసం. ఓఈసీడీ అనే దేశాల ఆర్థిక సహకార సంస్థ 2014లో తెచ్చిన ఉమ్మడి నివేదిక ప్రమాణం కింద చాలా దేశాల బ్యాంకులు ఖాతాదారు ఏ దేశంలో పన్ను కడతాడో అడిగి తీరాలి. "మేం ఎక్కడా ఉండమండీ, తిరుగుతుంటాం" అనేది ఆ ఫారంలో పట్టదు. ఎక్కడ ఎన్ని రోజులున్నారో తేదీలతో డైరీ రాయండి, బయల్దేరేముందు పన్నుల లెక్క తెలిసినవాళ్లను ఒకసారి కలవండి. ఇందులో నా సొంత పాండిత్యం ఇంతే.

కార్డు గడువు తీరడం ఇంకో తలనొప్పి. కొత్త కార్డు ఆ మేకు కొట్టిన చిరునామాకే పోతుంది. గడువు తేదీని క్యాలెండర్లో ఆరు నెలల ముందే గుర్తు పెట్టుకుని, ఆ చుట్టుపక్కల ఇంటి వైపు వెళ్లేలా ప్రయాణం వేసుకోండి, లేదా ముందే కొత్తది పంపమని అడగండి. బంధువులు దాన్ని మీరున్న దేశానికి కొరియర్ చేయాల్సి వస్తే, కార్డు వేరు, పిన్ వేరు, రెండూ ఒకే కవరులో రాకూడదు. చాలా బ్యాంకులు కార్డు పోగానే కొత్తదాన్ని యాప్‌లోనో, ఫోన్‌లోని చెల్లింపుల వాలెట్‌లోనో వెంటనే చూపిస్తున్నాయి. ప్లాస్టిక్ రాకముందే ఫోన్‌తో కట్టేయొచ్చు. వాలెట్‌లో ఉండేది మీ అసలు కార్డు నంబరు కాదు, దాని బదులు ఆ ఫోన్‌కే ఇచ్చిన వేరే నంబరు. అందుకే దుకాణం డేటా లీకైనా అసలు కార్డుకు దెబ్బ తగలదు. ఖాతా తెరిచేముందు ఈ సదుపాయం ఉందా అని తప్పకుండా కనుక్కోండి. నా దృష్టిలో వడ్డీ రేటు కంటే ఇది ముఖ్యం.

ఖాతాలెన్ని ఉండాలంటే, వేర్వేరు బ్యాంకుల్లో కనీసం రెండు. కార్డుల నెట్‌వర్క్‌లు కూడా వేరుగా ఉండాలి, ఒకటి వీసా అయితే ఇంకోటి మాస్టర్‌కార్డ్. మేం మూడు వాడుతున్నాం. సంపాదన, పొదుపు అంతా పెద్ద ఖాతాలో ఉంటుంది. దానికి కార్డు తీసుకున్నాం గానీ వాడం, ఆ యాప్ రోజూ చేతిలో తిరిగే ఫోన్‌లో ఉండదు. అందులోంచి ప్రతి సోమవారం ఒక వారం ఖర్చు రోజువారీ ఖాతాలోకి తనంతట తానే వెళ్తుంది. కార్డు కాపీ కొట్టినా, ఫోన్ లాక్కున్నా పోయేది వారం ఖర్చే. మూడోది అత్యవసరానికి. దాని కార్డు బండిలో ఎక్కడ దాచామో మా ఇద్దరికే తెలుసు. వాడకపోతే ఖాతాలు నిద్రావస్థలోకి వెళ్తాయి, లేపాలంటే మళ్లీ బ్రాంచికే. కాబట్టి దాంతో మూడు నెలలకోసారి ఏదో ఒక చిన్న కొనుగోలు చేస్తాం.

విదేశాల నుంచి మీకు రావాల్సిన పారితోషికం స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య అంతర్జాతీయ సందేశాల నెట్‌వర్క్) ద్వారా వస్తుంటే, మధ్యలో ఉన్న బ్యాంకులు తలో కాస్త కోసుకుంటాయి. ఛార్జీలు ఎవరు భరించాలో పంపేవాళ్లతో ముందే మాట్లాడుకోండి. చాలా దేశాల్లో ఖాతాకు వాడే అంతర్జాతీయ నంబరు ఐబ్యాన్. అందులో రెండంకెలు తనిఖీ కోసమే ఉంటాయి, కాబట్టి ఒక అంకె తప్పు కొడితే సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. ఐబ్యాన్ లేని దేశపు ఖాతా నంబరుకు అంత రక్షణ ఉంటుందనుకోకండి. కొత్తవాళ్లకు పంపేటప్పుడు ముందు చిన్న మొత్తం పంపి, చేరిందని మాట వచ్చాకే మిగతాది పంపుతాను.

పబ్లిక్ వైఫై గురించి భయం కొంచెం ఎక్కువైంది. బ్యాంకు యాప్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచేదంతా గుప్తలిపిలోనే ఉంటుంది. నిజమైన ప్రమాదం మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి నకిలీ సైటులో పాస్‌వర్డ్ కొట్టడం, పక్క బల్ల మీంచి ఎవరో పిన్ చూడటం. మన ఇంటర్నెట్‌ను వేరేచోటి సర్వర్ మీదుగా తిప్పే వీపీఎన్ వేసుకుంటే ఇంకా భద్రమనుకుంటారు గానీ, మీరు ఒక దేశంలో కార్డు గీసి, అదే గంటలో వేరే ఖండపు సర్వర్ మీంచి లాగిన్ అయితే బ్యాంకుకు గుండె ఆగినంత పనవుతుంది. వాడితే మీ ఖాతా ఉన్న దేశపు సర్వర్ ఒక్కటే వాడండి, లేదంటే బ్యాంకు పని చేసుకునేంతసేపు ఆపేయండి. నేనైతే వైఫై కూడా వదిలేసి మొబైల్ డేటాలోనే చేస్తాను.

నగదు కొంచెం ఎప్పుడూ ఉండాలి. రెండు చోట్ల, కనీసం ఒక ట్యాంకు డీజిలు, రెండు రోజుల తిండి సరిపోయేంత. ఏటీఎం అయితే బ్యాంకు గోడకు ఉన్నదే, అదీ బ్యాంకు తెరిచి ఉన్న వేళల్లో. కార్డు మింగేస్తే లోపలికెళ్లి అడగొచ్చు.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. మీలో ఒకరు ఆసుపత్రిలో పడితే రెండోవాళ్లు ఖాతా నడపగలరా? జాయింట్ ఖాతాలో ఇద్దరి సంతకాలూ కావాలా, ఒక్కరిది చాలా అన్నది ఇప్పుడే చూసుకోండి. విడి ఖాతాలకు నామినీ పేర్లు రాయించండి. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నా, కొన్ని బ్యాంకులు తమ సొంత ఫారం మీద ఉంటేనే తీసుకుంటాయి. అది కూడా బ్రాంచికి వెళ్లగలిగినప్పుడే చేసుకోవాల్సిన పని.

ఇవన్నీ అమర్చుకున్నాక, ఇల్లు ఖాళీ చేయడానికి ఒక నెల ముందు ఒక రోజంతా ఈ పరీక్ష పెట్టుకోండి. మీ ఫోన్, మీ పర్సు ఆపేసి బీరువాలో పెట్టి తాళం వేయండి, పోయాయనుకోండి. బండిలో ఉండబోయే వస్తువులతోనే ఖాతాలోకి లాగిన్ అవ్వాలి, కార్డు ఫ్రీజ్ చేయాలి, కొంత నగదు తీయాలి, ఎవరికో ఒకరికి డబ్బు పంపాలి. మర్నాడు మీ భాగస్వామి ఫోన్‌తో అదే పరీక్ష. మేం ఏడాదికోసారి చేస్తాం, ప్రతిసారీ ఏదో ఒకటి బయటపడుతుంది. పోయినసారి మిగతావన్నీ పాసయ్యాం గానీ, దాచిన పాత ఫోన్ అప్‌డేట్‌కు నోచుకోక బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. అంతకుముందు సారి నోటుబుక్‌లోని హెల్ప్‌లైన్ నంబరు మారిపోయి ఉంది. పరీక్ష చేశాక మీకు ఏది ఆగిపోయిందో రాయండి, ఏ బ్యాంకో చెప్పక్కర్లేదు, దాన్నిబట్టి ఏం మార్చాలో చూద్దాం.